బోర్డు మీద కాపలా

2008 ఆగస్టు. కాశీబుగ్గలో రామూర్తి జీడి ఫ్యాక్టరీ గేటు దగ్గర మేస్త్రీ గున్నయ్య ప్రమోదినిని ఆపాడు. మిగతా ఆడవాళ్ళు లోపలికి పోతున్నారు. గున్నయ్య చేతిలో నెట్ సెంటర్లో ప్రింటు తీసిన కాగితం ఉంది. దాని మీద ఆమె ఫొటో. తొక్క తీసే వరసలో తల వంచుకుని కూర్చుని ఉంది, ఒళ్ళో పళ్ళెం. ఎవరో కిటికీలోంచి సెల్‌ఫోనుతో తీశారు. ఫొటో కింద ఆమె పనిచేసే షెడ్డు, అద్దెకుండే వీధి, పని వదిలాక ఏ దారిన ఇంటికి పోతుందో రాసి ఉంది. ఆ కింద జనం రాసిన మాటలు. వాటిని ఇక్కడ రాయక్కర్లేదు. బస్టాండులో నిలబడితే అవే వినపడతాయి.

అప్పటికి కొద్దిరోజులుగా కుర్రాళ్ళు బళ్ళేసుకొచ్చి గేటు బయట నిలబడుతున్నారు. పని వదిలాక వెంటపడుతున్నారు. ఒకడు కొంగు పట్టి లాగాడు. సంగతి సావుకారు రామూర్తికి చెప్పారు. ఆ మనిషిని మానిపిస్తే గొడవ మానుతుందని సావుకారు తేల్చాడు.

"నాను సెప్పింది కాదు, సావుకారు సెప్పినారు," అన్నాడు గున్నయ్య. "ఆ ఫొటో నెట్లో ఉన్నన్నాళ్ళు రావొద్దు. పోయినాక సూద్దాం."

"ఫొటో నానేసినానేటి మేస్త్రీ?"

గున్నయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆడవాళ్ళు ఇద్దరినీ దాటుకుని పోయారు. కొందరు చూశారు. ఎవరూ ఆగలేదు. లోపల వరసలో ఒక చోటు ఖాళీగా ఉంది. మధ్యాహ్నానికి పక్కవాళ్ళు కొంచెం కొంచెం జరిగి కూర్చున్నారు. ఖాళీ కనపడకుండా పోయింది.

ప్రమోదిని ఉద్దానం తీరంలో ఒక పల్లెలో పుట్టింది. చేపలవేట ఇల్లు. తల్లిదండ్రులు మగపిల్లవాడనుకుని పెట్టిన పేరు వేరే ఉంది. ఆ పేరూ ఆ పల్లె పేరూ ఈ కథలో రాయడం లేదు. కారణం ముందుకు పోతే తెలుస్తుంది. పదో తరగతి తప్పాక ఇల్లు వదిలింది. బరంపురంలో హిజ్రాల దగ్గర కొన్నాళ్ళుంది. రైళ్ళలో చెయ్యి చాపడం ఒంటికి పడలేదు. కాశీబుగ్గ వచ్చి పని అడిగితే, తొక్క తీసే జట్టు పెద్ద దేముడమ్మ తన పక్కన కూర్చోబెట్టుకుంది. అప్పటినుంచీ అక్కడే కూర్చుంటోంది, ఆమెను అప్పా అని, అంటే అక్కా అని పిలుస్తోంది.

జీడి ఫ్యాక్టరీలో ఎవరి పని వాళ్ళది. బట్టీ, పొయ్యి మగవాళ్ళవి. పిక్క కొట్టి పప్పు తీయడం, పప్పు మీది తొక్క తీయడం ఆడవాళ్ళవి. మగకూలి ఎక్కువ, ఆడకూలి తక్కువ. ప్రమోదినికి ఆడకూలి ఇచ్చారు. ఆమె ఎవరో జట్టులో అందరికీ తెలుసు. మేస్త్రీకి తెలుసు, సావుకారుకీ తెలుసు. తూకం వేసే దగ్గర ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

*

ఫొటో ఎక్కింది జీడితోట అనే వెబ్‌సైటులో. జనం దాన్ని బోర్డు అనేవారు. బస్టాండు దగ్గర నెట్ సెంటరు నడిపే ఢిల్లీబాబు పెట్టాడు. అతను రామూర్తికి బావమరిది. పైన జీడిపప్పు వ్యాపారుల ప్రకటనలు, కింద ఎవరైనా ఫొటో వేయొచ్చు, మాట రాయొచ్చు. ముంబాయిలో, దుబాయిలో, అండమాన్లో పనికిపోయిన ఉద్దానం కుర్రాళ్ళు దాన్ని చూసేవారు. ఇంటి దగ్గర వాన పడిందా, ఎవరు పోయారు, ఎవరి పెళ్ళి కుదిరింది, అన్నీ అందులోనే.

బోర్డుకు కాపలా లేదనుకుంటే పొరపాటు. టెక్కలిలో డిగ్రీ చదివే సుమన్ ఆ పని చేసేవాడు. జీతం లేదు. సెంటర్లో ఊరికే కూర్చుని నెట్ చూసుకోనిచ్చేవారు. ఢిల్లీబాబు అతనికి చెప్పిన నియమాలు కొన్నే. వ్యాపారుల్ని ఏమైనా అంటే తీసేయాలి. రాజకీయాలు తీసేయాలి. కులాల తగువు తీసేయాలి. అంతకు ముందు ఏడాది జీడి కార్మికుల సంఘం నాయకుడు జానకిరామ్, పిక్క కొట్టే ఒకామె చేతుల ఫొటో ఆ బోర్డు మీద వేయించాడు. జీడి నూనెకు చర్మం ఊడిన చేతులు. ఆయన టీ తాగి వచ్చేసరికి ఫొటో లేదు.

అంటే తీసేసే చెయ్యి ఉంది. ఎవరి కోసం తీయాలో దానికి తెలుసు.

*

సంఘం గది కాశీబుగ్గ మార్కెట్టు వెనకాల. ఆ సాయంత్రం తొక్క జట్టు ఆడవాళ్ళు అక్కడికి వచ్చారు. ప్రమోదిని రాలేదు. వీధిలోకి రావడానికి భయపడి తన అద్దె గదిలోనే ఉండిపోయింది.

జానకిరామ్‌కి యాభై దాటాయి. రెండుసార్లు జైలుకు వెళ్ళొచ్చాడు. ఆయన ముందు ఇది కూలి తగువు కాదన్నాడు. పీఎఫ్ విషయం పైన నడుస్తోంది, దాన్ని పక్కన పెట్టి నెట్ గొడవలోకి పోతే జనం చెదిరిపోతారన్నాడు. కాసులమ్మ అనే ఆమె లేచి, తన కూతురు కూడా ఆ వరసలోనే కూర్చుంటుందనీ, గేటు దగ్గర పోకిరీలు చేరితే ఆడపిల్లలకే నష్టమనీ, ప్రమోదిని కొన్నాళ్ళు ఎక్కడికైనా పోతే మంచిదనీ చెప్పింది. దొడ్డికి పోయే గది సంగతి కూడా ఎత్తింది. నలుగురైదుగురు తలలూపారు. మిగతావాళ్ళు నేల చూశారు.

దేముడమ్మ కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

"ఇన్నేళ్ళు దానికి ఆడకూలే ఇచ్చినారు. ఆడదని ఇచ్చినారు. కూలికాడ ఆడదయ్యింది, ఫొటోకాడ మగోడైపోనాదేటి? ఇయ్యాల దాన్ని తీసీసి ఊరుకుంటే, రేపు నా ఫొటో ఏసి ముసిల్దంటారు. నన్నూ తీసీత్తారు. నీ కూతురి ఫొటో ఏసి మరోటంటారు కాసులమ్మా. నచ్చనోలినల్లా తీసీడానికి సావుకారుకి ఇంక మేస్త్రీ అక్కర్లేదు. ఓ ఫొటో సాలు."

జానకిరామ్ కాగితం తీసుకున్నాడు.

సుమన్ అప్పుడు వచ్చాడు. గుమ్మంలో నిలబడి జరిగింది చెప్పాడు. ఫొటో చూసిన వెంటనే తీసేశాడు. ఢిల్లీబాబు మళ్ళీ పెట్టాడు. ఆ ఫొటో పడ్డాక చూసేవాళ్ళు ఎప్పుడూ లేనంతగా పెరిగారు, ప్రకటనల వాళ్ళు సంతోషంగా ఉన్నారు. సుమన్ రెండోసారి తీస్తే పాస్‌వర్డు మార్చేసి, సెంటరుకు రావద్దన్నాడు.

"నువ్వెవరి అబ్బాయివి? ఇందులో నీకేటి?" అని అడిగింది కాసులమ్మ.

"నాకూ ఉంది పిన్నీ," అన్నాడు సుమన్. అంతకన్నా చెప్పలేదు. ఎవరూ రెట్టించలేదు.

*

రెండు కోరికలు అనుకున్నారు. బోర్డు మీద ఫొటో తీయాలి. ప్రమోదినికి పని ఇవ్వాలి. కరపత్రం రాయడం జానకిరామ్ పని. ఇరవై ఏళ్ళుగా ఆయనే రాస్తున్నాడు.

ఆ జిల్లాలో సంఘాలకు ఒక అలవాటుంది. పోలీసులు ఎవరినైనా పట్టుకుపోతే, సాయంత్రానికి కరపత్రం వేసి ఆ మనిషి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు ఊరూరా పంచుతారు. మైకులో చదువుతారు. పేరు నలుగురి నోట్లో పడితే ఆ మనిషిని మాయం చేయడం కష్టం. అలా బతికి బయటపడ్డవాళ్ళు ఉన్నారు. జానకిరామ్ వాళ్ళలో ఒకడు. అన్యాయం జరిగిన మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు లేకుండా కరపత్రం రాయడం ఆయనకు తెలియదు.

దేముడమ్మకు ఆ వివరాలన్నీ తెలుసు. అడిగితే చెప్పింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు కూడా చెప్పింది. ప్రమోదినిని ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు.

కరపత్రం అచ్చయింది. ఆటోకు మైకు కట్టి పలాస, కాశీబుగ్గ వీధులన్నీ తిప్పారు. టెక్కలి బస్టాండులో పంచారు. సంతబొమ్మాళి వారపు సంతలో చదివారు. సంతకు తీరం పల్లెలన్నీ వస్తాయి.

రెండు రోజులకు పైడయ్య కాశీబుగ్గ వచ్చాడు. ప్రమోదిని అన్న. అతను వస్తున్నాడని విని వీధిలో నలుగురూ కొట్లాట చూడ్డానికి పోగయ్యారు. పైడయ్య ఎవరినీ కొట్టలేదు. ప్రమోదిని గది గుమ్మంలో కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. తాగాడు.

"ఊరి పెద్దవల వేటలో నా వాటా తీసీసినారు," అన్నాడు. "కొడుకునీ పడవెక్కనీలేదు. కులపెద్దలు కూకుని తేల్చినారు."

ప్రమోదిని గుమ్మం లోపల కూర్చుంది.

"బొంబాయి నుండి మనోలు ఫోను సేసినారు. ఇలాగ ఫొటో ఉంది, మీ ఓడేనా అన్నారు. కాదన్నాను. మా ఓడు బరంపురంలో హోటల్లో ఉన్నాడన్నాను. నమ్మినారు. ఎన్నిమార్లడిగినా అదే సెప్పినాను. ఇప్పుడు సంతలో మైకెట్టి నాన్న పేరు సదివినారు. ఇంకేటని అబద్దమాడాల?"

ఖరగ్‌పూర్‌లో తనకు తెలిసినవాళ్ళున్నారనీ, అక్కడికి పొమ్మనీ చెప్పాడు. ఆమె పోతాననలేదు, పోననలేదు. అతను గ్లాసు కడిగి బోర్లించి, బస్సుకు పోయాడు.

అదే రోజు బోర్డు మీద సంఘం కరపత్రం ఎక్కింది. మేం రాయని పేరు వాళ్ళే రాశారు చూడండి, అని పైన ఎవరో రాశారు.

*

ప్రమోదిని సంఘం గదికి ఆ సాయంత్రమే వచ్చింది. అప్పటిదాకా ఆమె ఆ గదిలో అడుగుపెట్టలేదు. జానకిరామ్ లేచి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఆళ్ళు వీధి పేరేసినారు. నువ్వు ఊరి పేరేసినావు. ఆళ్ళు మొకం ఏసినారు. నువ్వు నాన్న పేరేసినావు. ఇద్దర్లో ఎవులు నన్నడిగినారన్నా?"

జానకిరామ్ పోలీసుల సంగతి, పేరు చెప్పడం వల్ల బతికినవాళ్ళ సంగతి చెప్పబోయాడు. సగంలో ఆపేశాడు. దేముడమ్మ, పేరు చెప్పింది తానేనని అంది.

"తెలుసప్పా. పప్పు మీద తొక్క తీసినట్టు తీసినారు అందరూ కలిసి."

గదిలో అప్పటికి పదిహేను మంది దాకా ఉన్నారు. పోరాటం ఇక్కడితో ఆపేస్తానని జానకిరామ్ అన్నాడు. ఆపితే నా చోటు నాకొస్తుందా అని ఆమె అడిగింది. రాదన్నాడు. అయితే ఆపకు, రాయి, అంది. తాను చెప్పింది రాయమంది.

"మనిషిని అడక్కుండా ఫొటో ఎయ్యకూడదు. ఇల్లు, ఊరు, అమ్మానాన్న పెట్టిన పేరు ఎయ్యకూడదు. ఎవులైనా నాది తియ్యండంటే ముందు తీసీయాల. తగువు తరవాత సూసుకోవాల. తీసేకాడ మాలాటోళ్ళొకలు కూకోవాల."

బూతు మాటల సంగతేమిటని సుమన్ అడిగాడు.

"మాటలు సిన్నప్పట్నించీ పడతన్నాను. మాట కాలిరగ్గొట్టదు. ఇంటి గుర్తు సెప్తే ఇంటికొచ్చి ఇరగ్గొడతారు."

దేముడమ్మ ఒప్పుకోలేదు. ముందు మాటే వస్తుందనీ, పదిమంది ఆ మాట అన్నాకే పదకొండోవాడు కొంగు పట్టుకున్నాడనీ అంది. కాసేపు వాదించుకున్నారు. పిల్లలు పరాచికాలాడినా తీసేయాలా అని ఒకామె అడిగింది. పరాచికం ఎవరి మీద, వాళ్ళు నవ్వుతున్నారా అని మరొకామె అంది. చివరికి, మనిషి పుట్టుకను పట్టుకుని తిట్టిన మాటా, వీళ్ళను కొట్టండి, తరమండి అన్న మాటా తీసేయాలని రాశారు. ఉత్త గొడవ మాటలు ఉంచొచ్చన్నారు.

అంతా రాశాక జానకిరామ్ అడుగున ఒక వాక్యం కలిపాడు. ఈ నియమాలు సంఘం కరపత్రాలకు కూడా వర్తిస్తాయి. చదివి వినిపించాడు. ప్రమోదిని అప్పుడు కుర్చీలో కూర్చుంది.

*

మర్నాడు తొక్క జట్టు పనిలోకి పోలేదు. నెట్ సెంటరుకు పోయింది.

అది దేముడమ్మ ఆలోచన. సెంటరు ముందు ధర్నా చేస్తే పోలీసులు లేపేస్తారు. లోపల కూర్చుని గంటకింత ఇస్తే ఎవరు లేపుతారు? సెంటరు తలుపు తీయగానే కుర్చీలన్నీ నిండాయి. ఆడవాళ్ళు తెర వైపు చూస్తూ కూర్చున్నారు. ఏదీ ముట్టుకోలేదు. గంట కాగానే ఇంకో జట్టు వచ్చి కూర్చుంది. మధ్యాహ్నం పిక్క కొట్టేవాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళ చేతులు జీడి నూనెకు నల్లబడి, పొలుసులు లేచి ఉంటాయి. కీబోర్డులు పాడవుతాయి, ఈ చేతులతో రావద్దని ఢిల్లీబాబు అన్నాడు.

"మీ బావ ఫ్యాక్టరీలో నల్లబడిన సేతులే బాబూ ఇవి," అంది దేముడమ్మ. "ఆయన్నే అడుగు, గుర్తుపడతాడు."

వెనక నుంచి నవ్వులు వచ్చాయి. ఢిల్లీబాబు బయటికి పోయి ఫోను చేసుకున్నాడు.

అవతల ఫ్యాక్టరీలో రామూర్తికి వేరే చిక్కు. పొయ్యిలోంచి తీసిన పప్పును వేడి ఆరగానే ఒలవాలి. వానాకాలం చెమ్మకు ఆగదు. తొక్క మళ్ళీ పప్పుకు అంటుకుంటుంది. చాకు పెడితే బద్దలవుతుంది. బద్ద పప్పుకు ధర లేదు. ముందురోజు కాల్చిన సరుకంతా తట్టల్లో ఉంది. సాయంత్రానికి రామూర్తే నెట్ సెంటరుకు వచ్చాడు. బావమరిదితో లోపల మాట్లాడాడు. బయటికొచ్చి, ఫొటో బోర్డు మీద లేనన్నాళ్ళు ప్రమోదిని పనికి రావొచ్చన్నాడు. మళ్ళీ కనపడితే తన పూచీ లేదన్నాడు.

ఢిల్లీబాబు ఫొటో తీసేశాడు. నియమాల కాగితం చదివి నవ్వాడు.

"రూల్సు బోర్డు మీద ఎడతాను, దానికేటి. కాపలా ఎవులు కాత్తారు? నాను జీతమిచ్చి మనిషిని ఎట్టను. కావాలంటే మీరే కూకుని తీసుకోండి. మూల కంప్యూటర్ ఇత్తాను."

ఎగతాళికి అన్నాడు. జానకిరామ్ సరేనన్నాడు. నియమాలు బోర్డు మీదికి ఎక్కాయి, కాపలావాళ్ళకు కొత్త పాస్‌వర్డు వచ్చింది. ఎవరైనా వేసిన ఫొటో ముందు కాపలావాళ్ళు చూశాకే కనపడేలా పెట్టొచ్చని సుమన్ చెబితే, అలా చేస్తే చూసేవాళ్ళు తగ్గిపోతారని ఢిల్లీబాబు ఒప్పుకోలేదు. పడ్డాక తీసుకోవడమే.

*

ప్రమోదిని వరసలోకి వచ్చి కూర్చుంది. కాపలా వంతులు వేసుకున్నారు. పని లేని పూట ఇద్దరిద్దరు మూల కంప్యూటరు దగ్గర కూర్చోవాలి. దేముడమ్మకు చదువు రాదు. ఫొటోలు చూసి ఆమె చెప్పేది, మాటలు జానకిరామ్ చదివేవాడు. ఆయనకు నెమ్మదిగా చదవడం రాదు. బోర్డు మీద బూతులన్నీ మీటింగు గొంతుతో చదివేవాడు. చుట్టూ కుర్రాళ్ళు తెరల మీంచి తలలెత్తి చూసేవారు. ఇది తియ్యాలా ఉంచాలా అని అడిగేవాడు. దేముడమ్మ కొన్నిటికి తియ్యమనేది, కొన్నిటికి ఉంచమనేది. ఒకసారి, "ఇందులో తిట్టేటుంది బాబూ, మాయాయన రోజూ అంటాడు," అంది.

కాపలా ఉందని తెలిశాక ఫొటోలు పెరిగాయి. ఆడవాళ్ళు తీసేస్తున్నారన్నది ముంబాయిలో, దుబాయిలో పందెమైంది. ఒకటి తీస్తే రెండు పడ్డాయి. ప్రమోదిని మొహాన్ని వేరే ఒళ్ళకు అతికించి వేశారు. కాశీబుగ్గలో కరెంటు కోత ఉన్న వేళ చూసి వేశారు. అప్పుడు సెంటర్లో కంప్యూటరు పనిచెయ్యదు, బోర్డు మాత్రం లోకమంతా కనపడుతుంది. టెక్కలిలో కోత వేరే వేళ. అక్కడి నుంచి సుమన్ తీసేవాడు. అక్కడా కరెంటు లేకపోతే ఫొటో ఉండిపోయేది. ఆ పూట గేటు బయట బళ్ళు ఆగేవి.

ప్రమోదిని కూడా కాపలా కూర్చునేది. తన ఫొటో తానే తీసేది. కొన్నాళ్ళకు మొహం చూడకుండా, అంచు చూసి నొక్కడం అలవాటైంది.

"బత్తా పప్పు ఒలిస్తే బత్తా అయిపోతాది. ఇది అవ్వదేటప్పా," అంది ఒక రోజు.

దేముడమ్మ చేతి సంచీ నుంచి చెగోడీ తీసి ఇచ్చింది.

జట్టులో కొందరు మానేశారు. పగలంతా ఒలిచి వచ్చి బూతులు వినలేమన్నారు. ఇంట్లో మొగుళ్ళు ఒప్పుకోవడం లేదన్నారు. అందులో అబద్ధం లేదు. దసరా సరుకుకు ఫ్యాక్టరీలో పని ఎక్కువైంది. సెప్టెంబరు నాటికి వంతులకు మనుషులు సరిపోలేదు.

అప్పుడు సుమన్ ఫొటో పడింది. బారువ బీచిలో సుమన్, ఇంకో కుర్రాడు. ఇద్దరూ ఇసకలో కూర్చుని ఉన్నారు, ఒకరి తల ఒకరి భుజం మీద. కింద కాలేజీ పేరు, క్లాసు, ఇంటి గుర్తు, తండ్రి చేసే పని. కొన్నాళ్ళుగా బోర్డు మీద ఫొటోలు తీసేస్తున్నది ఈ ఆడవాళ్ళు కాదు, ఇదిగో ఈ ఆడంగి, అని రాశారు. ఆ వేళ రెండు ఊళ్ళలోనూ కరెంటు లేదు.

సుమన్ సాయంత్రం కాశీబుగ్గ సెంటరుకు వచ్చాడు. చేతిలో బట్టల సంచీ ఉంది. చొక్కా చెయ్యి చిరిగి ఉంది. ఏం జరిగిందో ఎవరూ అడగలేదు. దేముడమ్మ జరిగి స్టూలు మీద చోటిచ్చింది. అప్పటికే ఆమె ఆ ఫొటో తీసేసింది. ఎవరూ చెప్పకుండానే తీసింది.

మర్నాడు ప్రమోదినిని గున్నయ్య మళ్ళీ గేటు దగ్గర ఆపాడు. ముందురోజు కరెంటు లేని వేళ ఆమె ఫొటో కూడా పడిందట. సావుకారు మాట సావుకారుదే. ఈసారి ఆడవాళ్ళు లోపలికి పోలేదు. మానేసినవాళ్ళు కూడా ఆగారు. ఎవరూ ముందు అనుకోలేదు. దేముడమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని బస్టాండు వైపు నడిచింది. మిగతావాళ్ళు వెనక నడిచారు.

*

ఢిల్లీబాబు అంతకు ముందే ఫిర్యాదు ఇచ్చి ఉన్నాడు. సెంటరును ఆక్రమించారనీ, సైటులోకి అక్రమంగా దూరారనీ. మూల కంప్యూటరూ పాస్‌వర్డూ తానే ఇచ్చిన సంగతి అందులో లేదు. ఆడవాళ్ళు కుర్చీల్లో కూర్చున్న కాసేపటికి జీపు వచ్చింది.

ఫొటోలు వేసి ఇల్లు చూపించినవాళ్ళ మీద కేసు ఎందుకు పెట్టలేదని జానకిరామ్ అడిగాడు. వాళ్ళెవరో తెలియదని ఎస్సై చెప్పాడు. వీళ్ళెవరో తెలుసు కాబట్టి పట్టుకుంటున్నారా అని జానకిరామ్ అడిగాడు. ఎస్సై విసుగ్గా, జీపెక్కమన్నాడు. ప్రమోదినిని, దేముడమ్మను, జానకిరామ్‌ను ఎక్కించారు. ప్రమోదినిని మగవాళ్ళ వైపు కూర్చోమని కానిస్టేబులు అంటే, దేముడమ్మ ఆమె నడుం పట్టుకుని వదల్లేదు. ఇద్దరినీ ఒక పక్కనే కూర్చోబెట్టారు.

ప్రమోదిని చోటు ఇప్పుడు ఫ్యాక్టరీలో లేదు, బయటా లేదు. ఆమె ఏడవలేదు. చాలా అలిసిపోయి ఉంది. జీపు కదిలేముందు గుమ్మం వైపు చూసి, "కుర్సీ కాళీగా ఉంచకండి," అంది. అంతే.

జీపు వెళ్ళిపోయింది. సెంటర్లో మూల కంప్యూటరు ముందు ఎవరూ లేరు. తెర మీద కొత్తగా రెండు ఫొటోలు పడ్డాయి. జీపు ఎక్కుతున్న ప్రమోదినిది ఒకటి. రోడ్డుకు అవతల నిలబడి ఎవడో అప్పుడే తీసి పంపాడు. సుమన్ తీయడానికి మౌసు పట్టుకున్నాడు. ఢిల్లీబాబు అతని భుజం పట్టి లేపేశాడు.

కాసులమ్మ గుంపులోంచి వచ్చింది. ఆ నెల రోజుల్లో ఆమె ఒక్క వంతు కూడా కూర్చోలేదు. కూతుర్ని కూర్చోనివ్వలేదు.

"నాకిది నచ్చి కాదు," అంది, ఎవరూ అడగకపోయినా. "దాని పక్కన కూకోడం ఇప్పటికీ నాకు ఇట్టం లేదు. అయినా మేస్త్రీ ఆపినా పోలీసు పట్టుకుపోయినా పడేది మాలాటోళ్ళమే, రేపు నా కూతురే." కొంగులోంచి గంటకు సరిపడా చిల్లర తీసి బల్ల మీద పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఢిల్లీబాబు లేవమన్నాడు. ఆమె లేవలేదు. అతను వెనక్కి తిరిగి చూశాడు. గుమ్మం నిండా ఆడవాళ్ళు. మెట్ల మీద ఆడవాళ్ళు. పక్క ఫ్యాక్టరీల వాళ్ళు పని మధ్యలో వదిలి వస్తున్నారు. బస్టాండు దాకా వరస కట్టి ఉన్నారు. అందరి కొంగుల్లోనూ చిల్లర ఉంది.

"ఏది నొక్కాల బాబూ?" అని అడిగింది కాసులమ్మ.

సుమన్ గోడ దగ్గర నుంచి వేలు పెట్టి చూపించాడు. ఆమె నొక్కింది. ఒక ఫొటో పోయింది. రెండోది నొక్కింది. తర్వాత ఆమె లేచింది, వెనకామె కూర్చుంది. కరెంటు పోయేదాకా కూర్చున్నారు. కరెంటు పోయాక చీకట్లో ఎవరూ కదల్లేదు, వచ్చేదాకా ఆ కుర్చీల్లోనే ఉన్నారు.